పేనును పేను అనే రాయాలి

కడప నుంచి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ, దానితో పాటు నీ ఉత్తరం అంది పది రోజులైంది. కథ మూడుసార్లు చదివాను. మొదటిసారి రెండో పేజీ దగ్గర కోపం వచ్చి కాగితాలు పక్కన పడేశాను. రెండోసారి ఆరో పేజీ దాకా వెళ్ళి, గొంతు పట్టేసినట్టయి లేచి వరండాలోకి పోయాను. మూడోసారి పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. ఉత్తరంలో నువ్వు కొన్ని ప్రశ్నలు అడిగావు, వాటి దగ్గరికీ వస్తాను. ముందు ఆ రెండో పేజీ సంగతి తేలాలి.

దసరా సెలవులకు హాస్టల్ నుంచి వచ్చిన పిల్లను అవ్వ అరుగు మీద తన ముందు కూర్చోబెట్టుకుంది. జడ విప్పింది. అంతవరకు బాగుంది. ఆ వెంటనే నువ్వు రాసిన వాక్యం ఇది: ‘ఆమె శిరోజాలలోని సూక్ష్మ కీటకాలను అవ్వ ఒక్కొక్కటిగా తొలగించసాగింది.’ ఈ వాక్యాన్ని మీ అవ్వకు చదివి వినిపించు. అటువంటి పని తాను జీవితంలో ఎన్నడూ చేయలేదని చెబుతుంది. ఆమె చేసింది పేలు చూడటం. ఆ క్రియ ఎంత గొప్పదో గమనించావా? తీయడం, చంపడం, ఏరడం అన్నీ అందులో ఉన్నాయి. అయినా మన ఆడవాళ్ళు పిల్లను పిలిచేటప్పుడు ‘ఇటు రా, తల చూస్తాను’ అనే అంటారు. వైద్యుడు నాడి చూసినట్టు, రైతు చేను చూసి వచ్చినట్టు, అవ్వ తల చూస్తుంది. నువ్వు ఆ చూపును తీసేసి ‘తొలగించసాగింది’ అని పెట్టావు. మున్సిపాలిటీ వాళ్ళు చెత్తను తొలగిస్తారు. అవ్వ తల చూస్తుంది.

దానికి నాలుగు వాక్యాల కింద మనసు మార్చుకున్నట్టున్నావు, ‘పేనులు’ అని రాశావు. చేనుకు బహువచనం చేలు. మీనుకు మీలు. పేనుకు పేలు. మూడు మాటలూ ఒకే బాటలో నడిచేవి. ఈ వ్యాకరణాన్ని చేలో పని చేసేవాళ్ళకు ఎవరూ బడిలో కూర్చోబెట్టి నేర్పలేదు. పేరు తెలిసిన వస్తువుకు బహువచనం నోటికి దానంతట అదే వస్తుంది. నీకు రాలేదంటే, రాసేటప్పుడు ఆ మాట నీ నోట్లో లేదు. కాగితం కోసం తెచ్చి పెట్టుకున్నావు.

మీది రాయదుర్గం వైపు కాబట్టి కన్నడం చెవిన పడుతూనే ఉంటుంది. మన పాలు అక్కడ హాలు, మన పులి హులి, మన పువ్వు హూవు. మన పేను హేను. తమిళుడికి అది పేన్. పేను గుడ్డు మనకు ఈరు, వాళ్ళకు ఈర్. ఈ భాషలు ఇంకా ఒకే ఇంట్లో ఉన్నప్పుడే, వేరుకాపురాలు పెట్టకముందే, ఎవరో ఒక తల్లి ఎవరో ఒక బిడ్డ తల చూస్తూ అన్న మాటలు ఇవి. అంత పాత మాటను పక్కకు నెట్టి ‘సూక్ష్మ కీటకం’ అనే నిన్నటి మాటను తెచ్చి కూర్చోబెట్టడానికి నీకు చెయ్యి ఎలా వచ్చింది?

ఇక ఆరో పేజీ. జుట్టు పాయలు తీస్తున్న అవ్వ చెయ్యి ఒక్కసారి ఆగిపోతుంది. ‘ఎన్ని నెలలైందే నీ తల ఎవరూ చూడక?’ అంటుంది. పిల్ల సమాధానం చెప్పదు. నువ్వు కూడా ఏమీ వివరించకుండా తర్వాతి పేరాలోకి వెళ్ళిపోయావు. ఆ నిగ్రహం నిలుపుకో.

కానీ అవ్వకు నెలల లెక్క ఎలా తెలిసింది? కథలో ఎక్కడా లేదు. నేను చెబుతాను విను. ఆడపేను ఈరును వెంట్రుక మొదట్లో, మాడుకు ఆనుకుని పెడుతుంది. మాడు వేడి లేకపోతే అది పొదగదు. బంకలాంటి పదార్థంతో వెంట్రుకకు అతికిస్తుంది కాబట్టి దువ్వినా రాదు, కడిగినా రాదు. అందుకే మన ఇళ్ళలో దువ్వెన వేరు, ఈర్లు లాగే ఈర్పెన వేరు. వారం పది రోజుల్లో ఈరు పగిలి పేను బయటికి వస్తుంది. డొల్ల మాత్రం వెంట్రుకను వదలదు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, తనతో పాటు ఆ తెల్లటి డొల్లను మోసుకుంటూ కిందికి దిగుతుంది. మాడు నుంచి రెండు వేళ్ళ దూరంలో డొల్లలు కనిపించాయంటే జూన్‌లో బడి తెరిచిన నాటి నుంచీ ఆ తలలో ఒక పెద్ద చెయ్యి పడలేదని లెక్క. అవ్వ క్యాలెండరు చూడలేదు, వెంట్రుక చూసింది. ‘సూక్ష్మ కీటకం’ అని రాసిన కలానికి ఈ సంగతి అందదు. ‘ఈరు’ అని రాసి ఉంటే, ఆ మాటే నీ చెయ్యి పట్టుకుని ఆ డొల్ల దగ్గరికి తీసుకుపోయేది.

ఇంకో సంగతి. పేను ఎగరలేదు, దూకలేదు. పాకడం ఒక్కటే దానికి తెలుసు. తల నుంచి కింద పడితే ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. ఒక తలలోంచి ఇంకో తలలోకి పోవాలంటే ఆ రెండు తలలూ ఆనుకుని ఉండాలి. నీ కథలో మూడో పేజీలో ఒక స్నేహితురాలు ఒకే ఒక్క వాక్యంలో వచ్చి మాయమైపోతుంది. ఆ ఇద్దరూ ఒకే చాప మీద, ఒకే దుప్పటి కింద, తలకు తల ఆనించి పడుకున్నారు. అమ్మ మీద బెంగ పెట్టుకున్న రాత్రి గుసగుసగా మాట్లాడుకున్నారు. పేలు అలా వచ్చాయి. అవ్వ గోటి మీద పెట్టి నొక్కిన ప్రతి పేనూ ఆ స్నేహానికి సాక్ష్యం. ఈ కథలో రాయవలసిన కథ అదే. నువ్వు దాన్ని దాటుకుని పోయావు.

ఆరో పేజీ దగ్గర నేను ఎందుకు లేచిపోయానో ఇప్పుడు చెబుతాను. మా చెల్లెలిని తొమ్మిదో ఏట ఒక హాస్టల్లో చేర్చారు. నాన్న పోయిన సంవత్సరం అది. మూడు నెలల తర్వాత చూడబోతే తల నున్నగా గొరిగించి ఉంది. ఆమె ఒక్కతికే కాదు, వరుసగా ముప్ఫై మంది పిల్లలకు. పేలు పడ్డాయని ఒకే రోజు అందరినీ కూర్చోబెట్టి గొరిగించేశారు. మా చెల్లెలు తలకు తువ్వాలు చుట్టుకుని నా ముందుకు వచ్చింది. నేను తెచ్చిన మరమరాల ఉండలు తీసుకుంది గానీ తల ఎత్తలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు ముఖం పెట్టుకుని ఏడ్చాను.

పదేళ్ళ తర్వాత దాన్ని కథగా రాశాను. అది నా మూడో కథ. అందులో పేలు అన్న మాట పదకొండుసార్లు ఉంది, లెక్కపెట్టుకుని మరీ రాశాను. ఒక వారపత్రిక తీసుకుంది. అచ్చైన ప్రతి చేతికి వచ్చాక చూస్తే పదకొండు చోట్లా ‘క్రిములు’ అని ఉంది. సంపాదకుడికి ఉత్తరం రాశాను. పాఠకులు భోజనం చేస్తూ కూడా పత్రిక చదువుతారని, అసహ్యం కలిగించే మాటలను సంస్కరించడం తమ బాధ్యత అని జవాబు వచ్చింది. నేను కొత్తవాణ్ణి, నోరు మూసుకున్నాను. ఆ పత్రికను చెల్లెలికి తీసుకెళ్ళి ఇచ్చాను. అప్పటికి ఆమెకు పెళ్ళైంది. మొత్తం చదివి మడిచి నా చేతిలో పెట్టి, ‘క్రిములు అంటే రోగం కదన్నా. నాకు రోగం లేదు. పేలు ఉండేవి, అంతే. అందరు పిల్లలకూ ఉండేవి’ అంది.

ఆ రోజు నుంచి ఈ రోజు వరకు నేను నమ్ముతున్నది ఇదే. మర్యాద కోసం తెచ్చిన పెద్ద మాట, అసలు మాట కంటే ఎక్కువ అవమానిస్తుంది. పేలు ఉన్న పిల్ల మామూలు పిల్ల. క్రిములు ఉన్న పిల్ల దూరం పెట్టవలసిన పిల్ల. ఒక మాట మార్చి మా చెల్లెలిని రెండోసారి గొరిగించారు. ఆ సంపాదకుడు ఇప్పుడు లేడు. నేను క్షమించలేదు.

నా ఉద్యోగం సంగతి నీకు తెలియదు. ముప్ఫై మూడేళ్ళు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేశాను. రాయచోటి, కదిరి, ఆత్మకూరు, పత్తికొండ, ఇలా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. రైతు ఆవును తోలుకొస్తాడు. ‘గోమార్లు పట్టాయి సార్’ అంటాడు. ఇంకో ఊరి రైతు అదే పురుగును పిడుదు అంటాడు. చెవుల లోపల, తోక కింద, పొదుగు దగ్గర, చర్మం పలుచగా ఉన్న చోటల్లా పట్టుకుని రక్తం తాగి ఆముదపు గింజంత ఉబ్బి ఉంటాయి. ఆ పోలిక నేను కల్పించింది కాదు. ఆముదం మొక్క శాస్త్రనామంలో మొదటి మాట రిసినస్. లాటిన్‌లో ఆ మాటకు అర్థం గోమారి. గింజను చూసి అక్కడి వాళ్ళకు గోమారి గుర్తుకు వచ్చింది, గోమారిని చూసి మన రైతుకు ఆముదపు గింజ గుర్తుకు వస్తుంది. సముద్రాలకు అటు ఒకడు, ఇటు ఒకడు ఒకే పురుగును ఒకే కన్నుతో చూశారు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మా రిజిస్టరులో మాత్రం ‘బాహ్య పరాన్నజీవులు’ అని రాయాలి. పేలకూ అదే మాట, గోమార్లకూ అదే మాట. పేనుకు ఆరు కాళ్ళు, ఎదిగిన గోమారికి ఎనిమిది. పేను పుట్టింది మొదలు చచ్చేదాకా ఒంటి మీదే ఉంటుంది. గోమారి కడుపు నిండాక రాలిపోయి, కొట్టం గోడ పగుళ్ళలోకి చేరి వేల గుడ్లు పెడుతుంది. పేలు పడితే ఆవుకు మందు రాస్తే చాలు. గోమార్లు పడితే కొట్టం గోడలకూ మందు కొట్టాలి. సంకర జాతి ఆవులకు థైలీరియా జ్వరం అంటించేది గోమారి, పేను కాదు. పేరు తెలియనివాడు ఆవుకు మందు రాసి, గోడ వదిలేసి, మూడు వారాలకు మళ్ళీ తోలుకొస్తాడు. పేరు సరిగా పలికే రైతుకు మందు సగం తెలిసినట్టే. రిజిస్టరు నింపేవాడిగా నేను సర్కారు మాట రాశాను, జీతం తీసుకున్నాను. రాత్రిపూట వేరే నోటుబుక్కులో రైతు మాట రాసుకున్నాను. రచయితగా నేను బతికింది ఆ నోటుబుక్కు వల్లే.

పొలంలో కూడా ఇంతే. మీ జిల్లాలో వేరుశనగ ఆకుల అడుగున గుంపులుగా చేరి రసం పీల్చే పురుగును రైతు పేనుబంక అన్నాడు. తలలో పేను ఎలా గుంపుగా పట్టుకుంటుందో చూసినవాడు, ఆ పురుగు విసర్జించే తీపి జిగురు వేళ్ళకు అంటుకున్నవాడు పెట్టిన పేరు. మంచంలో నల్లిని చూసినవాడే మిరపతోటలో ఎర్రనల్లి అన్నాడు, తెల్లటి పిండి పూసుకున్నట్టుండే దాన్ని పిండినల్లి అన్నాడు. ఇల్లు దాటి పొలానికి పోతూ పేర్లను వెంట తీసుకుపోయాడు. 2000 సంవత్సరంలో అనంతపురం జిల్లా వేరుశనగకు కాండం కుళ్ళు తెగులు వచ్చి చేలు నిలువునా మాడిపోయినప్పుడు నేను ఆ చుట్టుపక్కలే ఉన్నాను. వయ్యారిభామ మొక్క పుప్పొడిలో ఉన్న వైరస్‌ను వేరుశనగకు ఎక్కించింది తామర పురుగు. కంటికి ఆనీ ఆనని సన్నటి పురుగు. కొందరు దాన్ని పేనుబంక అనుకున్నారు, కొందరు ఊరికే పురుగు అన్నారు. మందుల దుకాణం వాడికి ఆ ‘పురుగు’ అనే మాట ఒక్కటే చాలు, చేతికందిన డబ్బా ఏదైనా అమ్మేస్తాడు.

చీరపేను అనే మాట మా అవ్వ దగ్గర విన్నాను. తలలో కాకుండా బట్టల మడతల్లో ఉండే పేనుకు ఆమె పెట్టుకున్న పేరు. టైఫస్ జ్వరాన్ని మోసేది ఆ బట్టల పేనే అని 1909లో ట్యునీషియాలో చార్లెస్ నికోల్ అనే ఫ్రెంచి వైద్యుడు తేల్చాడు. ఆసుపత్రిలో చేర్చి స్నానం చేయించి బట్టలు మార్చిన రోగి నుంచి ఎవరికీ జ్వరం అంటడం లేదు, విప్పిన బట్టలు ముట్టుకున్న వాళ్ళకు మాత్రం అంటుతోంది. అది గమనించాడు. 1928లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. తలపేను వేరు, చీరపేను వేరు అని అవ్వ మాటలో ఉన్న తేడా మీదే అన్ని ప్రాణాలు నిలిచి ఉన్నాయి.

నువ్వు అడిగినవాటిలో ఒకటి, ఇటువంటి మాటలు సాహిత్యానికి తగునా అని. ఈ అనుమానం నీకు ఎవరు పెట్టారో నాకు తెలుసు. పంచతంత్రం మొదటి భాగంలోనే ఒక పేను ఉంది. పేరు మందవిసర్పిణి, అంటే మెల్లగా పాకేది. రాజు పాన్పులో ఉంటూ, ఆయన గాఢనిద్రలో ఉన్నప్పుడు మాత్రమే రక్తం తాగుతూ బతుకుతోంది. దాని దగ్గరికి అతిథిగా వచ్చిన నల్లి పేరు అగ్నిముఖుడు. కుడితే నిప్పు పెట్టినట్టుండేవాడు. ఆగలేక రాజు నిద్రపోకముందే కుట్టి, మంచం సందులోకి పారిపోయాడు. భటులు వెతికితే దొరికింది పేను. చచ్చిపోయింది పేను. ఆ రెండు పేర్లు పెట్టినవాడికి పేను పాకుతుందనీ, నల్లి కుట్టి పరిగెడుతుందనీ తెలుసు. పేర్లలోనే కథ అంతా పెట్టేశాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కొలతలు చూడు. ఎనిమిది లిక్షలు ఒక యూక, ఎనిమిది యూకలు ఒక యవ, ఎనిమిది యవలు ఒక అంగుళం. లిక్ష అంటే ఈరు, యూక అంటే పేను, యవ అంటే బార్లీ గింజ. 512 ఈర్లు వరుసగా పేరిస్తే ఒక అంగుళం. రాజ్యం కొలవడానికి ఈరును ప్రమాణంగా పెట్టుకున్న వాళ్ళ సంతతి మనం. ఈరును పేను చేసి, పేనును పెరుమాళ్ళు చేశాడని సామెత ఊరికే పుట్టలేదు. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందని ఇంకొకటి. ‘క్రిమికి పెత్తనమిస్తే’ అని చదివి చూడు. సామెత చచ్చి పడి ఉంటుంది.

మా ఊరు సి.పి. బ్రౌన్ దొర ఉన్న ఊరు. 1820లో ఉద్యోగానికి కడప వచ్చి, తెలుగు నేర్చి, వేమన పద్యాలు ఊరూరా వెతికించి 1829లో అచ్చు వేయించాడు. ఆ పద్యాల్లోనే చెవిలోని జోరీగ ఉంది, చెప్పులోని రాయి ఉంది, కాలిముల్లు ఉంది. ఆయన నిఘంటువు 1852లో అచ్చైంది. ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు గ్రంథాలయం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో సెలవు దొరికితే ఆ నిఘంటువు ముందేసుకుని కూర్చునేవాణ్ణి. పేను ఉంది, ఈరుకు ఇంకో పేరు ఈపి ఉంది, నల్లి ఉంది. సముద్రం దాటి వచ్చినవాడికి ఈ మాటలు తగినవిగా కనిపించాయి. మన పత్రికలకు కనిపించలేదు. 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటి వచ్చినప్పుడు చదువుకున్నవాళ్ళకు రైతు నోటి మాట విలువ తెలిసిందనుకున్నాం. రచయితలు ఎందరు దాన్ని తెరిచారో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

నా పుస్తకం ఒకటి వేసిన ప్రచురణకర్త ఇంకో రకం. మాటలు మార్చలేదు, కింద గీత గీసి అర్థాలు ఇచ్చాడు. ‘గోమారి: ఒక రకమైన పురుగు.’ ‘ఈరు: పురుగు గుడ్డు.’ నా కథ చదివేవాడికి, నా రైతుకు మధ్య ఆ గీత ఒక కంచె అయిపోయింది. ఆ తర్వాత నా ఏ పుస్తకంలోనూ అర్థాల పట్టిక పెట్టనివ్వలేదు. మాటను వాక్యంలో ఎలా నిలబెట్టాలంటే, తెలియనివాడికి కూడా ఆ గోమారి ఆవు చెవి లోపల కనిపించాలి. మాండలికం ఎంతవరకు వాడాలి అని అడిగావు కదా. క్రియల తోకలు కత్తిరించి, దీర్ఘాలు సాగదీసి అదే సీమ భాష అనుకునే ఫ్యాషన్ ఒకటి వచ్చింది. దాని జోలికి పోకు. క్రియ అందరిదీ రాయి, వస్తువు పేరు మాత్రం మీ అవ్వది రాయి.

ఇంకో ఫ్యాషన్ సంగతి కూడా చెప్పాలి. సీమ నుంచి కథ పంపితే అందులో కరువు ఉండాలి, లేదా కక్షలు ఉండాలి. నేను ఒకసారి గొర్రెల కాపరి ఒక రాత్రంతా కూర్చుని తన గొర్రెపిల్ల చెవిలోంచి గోమార్లు తీసే కథ రాశాను. ‘సీమ వాతావరణం లేదు’ అని తిరిగి వచ్చింది. సీమలో కత్తి పట్టుకున్నవాళ్ళ కంటే ఈర్పెన పట్టుకున్నవాళ్ళు ఎక్కువ. ఆ సంగతి రాసేవాళ్ళం మనమే కదా.

కడపలో మొదట అద్దెకు తీసుకున్న గది గుర్తుకు వస్తోంది. నులక మంచం ఒకటి ఇచ్చారు, దాని కోళ్ళ సందుల నిండా నల్లులు. మిట్టమధ్యాహ్నం ఎండలో పడేసేవాణ్ణి, సందుల్లో మరిగే నీళ్ళు పోసేవాణ్ణి. వారానికి మళ్ళీ వచ్చేవి. తిండి లేకుండా నెలల తరబడి బతికే ప్రాణి అది. శివుడు కొండ మీద పడుకోవడం, సూర్యచంద్రులు ఆకాశంలో ఉండిపోవడం, విష్ణువు శేషుని మీద పవళించడం అంతా నల్లి బాధ పడలేకనే అన్న చాటు పద్యం ఆ గదిలోనే నాకు అర్థమైంది. నల్లి వెలుగుకు అంత తేలిగ్గా బయటికి రాదు. కాబట్టి దీపం ఆర్పకుండా కూర్చునేవాణ్ణి. కూర్చున్నవాడికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కాబట్టి రాసేవాణ్ణి. నా మొదటి పదిహేను కథలు ఆ దీపం కింద రాసినవే. కిరసనాయిలు ఖర్చు జీతంలో పెద్ద భాగమే అయ్యేది.

నీ కథలో సరిదిద్దవలసినవి మరో రెండు. అవ్వ సీతాఫలం గింజల పొడి కలిపి తలకు పట్టించిందని రాశావు. ఆ పొడి కంట్లో పడితే కన్ను పాడవుతుంది. మా అవ్వ ఆ పని చేసేటప్పుడు మా చెల్లెలి నుదుటి మీద పాత గుడ్డను మెలిపెట్టి గట్టిగా కట్టేది, ‘కళ్ళు మూసుకో, తెరిచావా చూడు’ అని బెదిరిస్తూనే ఉండేది. ఆ గుడ్డ, ఆ బెదిరింపు కథలో ఉండాలి. రెండోది, పిల్ల అవ్వ ఒడిలో నిద్రపోయిందని రాసి ముగించావు. తల చూస్తుంటే ప్రతి పిల్లా నిద్రపోతుంది, అది నిజమే. కానీ ఆ నిద్ర కథ మధ్యలో రావాలి. పిల్ల నిద్రపోయాక అవ్వ ఒక్కతే ఆ డొల్లలు చూస్తూ ఉండాలి. అప్పుడు కదా ఆ ప్రశ్న అడగాలి, వినేవాళ్ళు లేనప్పుడు?

మా అమ్మను నేను అడగవలసినవి ఎన్నో అడగలేదు. పశువుల పేర్లు, పురుగుల పేర్లు ఊరూరా తిరిగి రాసుకున్నాను. ఇంట్లో ఉన్న మనిషి ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. ఆమె పోయిన పదకొండో రోజు ఆ నోటుబుక్కు తిరగేస్తే ఆమె చెప్పిన మాట ఒక్కటీ లేదు.

ఈ ఉత్తరంతో పాటు ఆ నోటుబుక్కు పంపుతున్నాను. అట్ట ఊడిపోయింది, దారంతో కట్టాను. పేల గురించి ఉన్నవి ముందు పేజీల్లో, గోమార్లవి మధ్యలో, పైర్లకు పట్టేవి చివరిలో ఉన్నాయి. వెనుక నలభై పేజీల దాకా ఖాళీగా ఉన్నాయి. మీ అవ్వ దగ్గర కూర్చో. నీ తల ఆమె చేతికి ఇచ్చి, వెనక్కు తిరగకుండా అడుగు. ఆమె ఏది ఎలా పలికితే అలా రాసుకో.

కథ తిరగరాసి కార్తీక మాసం లోపల పంపు. నోటుబుక్కు నీ దగ్గరే ఉంచుకో.

ఆశీస్సులతో,
నీ మేలు కోరే పెద్దాయన